కరెన్సీ ఆంక్షలున్న దేశం నుంచి జీతం ఇంటికి పంపడం: సమగ్ర మార్గదర్శి

విదేశంలో సంపాదించిన జీతాన్ని ఇంటికి పంపడం ఎలా అన్న ప్రశ్న చాలామందికి మొదటి జీతం ఖాతాలో పడ్డాకే పుడుతుంది. మారకద్రవ్యం మీద అదుపు లేని దేశాల్లో అలా పుట్టినా నష్టం లేదు. అక్కడ అది ఫోన్‌లో పూర్తయ్యే పని. స్థానిక కరెన్సీని డాలర్లుగానో యూరోలుగానో మార్చుకోవడానికి అనుమతులు, కోటాలు, నిరీక్షణలు ఉన్న దేశాల్లో మాత్రం ఆ ప్రశ్న ఉద్యోగ ఒప్పందం మీద సంతకం పెట్టకముందే రావాలి. అక్కడ డబ్బు కదిలేది కాగితాల బలం మీద. ఆ కాగితాల్లో కొన్ని బయలుదేరకముందే సిద్ధం కావలసినవి, కొన్ని దిగిన తొలి వారాల్లో సంపాదించవలసినవి, మిగిలినవి నెలనెలా పోగుచేసుకోవలసినవి. ఏ కాగితం ఎప్పుడు చేతికి రావాలన్న వరుసలోనే కింది మెట్లు సాగుతాయి.

మొదటి మెట్టు: ఆంక్ష ఏ రకమైనదో తెలుసుకోవడం

"అక్కడ కరెన్సీ ఆంక్షలున్నాయట" అన్న మాటతో ఏ నిర్ణయమూ తీసుకోలేము. ఒక్కో రకం ఆంక్షకు ఒక్కో జాగ్రత్త అవసరం కనుక ముందుగా వాటిని విడదీసి చూడాలి.

మొదటి రకంలో చట్టమే హద్దు గీస్తుంది. నికర జీతంలో ఇంత శాతమనో, నెలకు ఇంత మొత్తమనో, ఫలానా పత్రాలు చూపినంత మేరకే అనో నిబంధన ఉంటుంది. చైనాలో పనిచేసే విదేశీ ఉద్యోగి తన ఒప్పందాన్నీ పన్ను చెల్లించిన రుజువునూ చూపితే ఆ ఆదాయం మేరకు మార్చుకుని పంపుకోగలడు. తరచూ వినిపించే ఏడాదికి 50,000 డాలర్ల పరిమితి అక్కడి పౌరుల కోసం పెట్టింది. ఈ రెండింటినీ కలిపేసుకుని అనవసరంగా కంగారుపడేవారు ఉన్నారు. అర్జెంటీనాలో 2019 అక్టోబరులో వ్యక్తులు కొనగలిగే డాలర్ల హద్దును నెలకు 200కు కుదించారు. వ్యక్తుల మీద ఆ తరహా ఆంక్షల్లో అధికభాగాన్ని 2025 ఏప్రిల్‌లో ఎత్తివేశారు. ఇలాంటి హద్దు ఎంత కఠినమైనదైనా కనీసం కాగితం మీద కనిపిస్తుంది, లెక్క వేసుకోవచ్చు.

రెండో రకం ఇంతకంటే చిక్కైనది. చట్టం పంపుకోమంటుంది, బ్యాంకులో డాలర్లు ఉండవు. దరఖాస్తు పెట్టుకుని, కేంద్ర బ్యాంకు నుంచి కేటాయింపు వచ్చేదాకా వారాలో నెలలో వేచి ఉండాలి. ఈ కొరత పెద్ద సంస్థలనూ వదలదు. టికెట్ల అమ్మకం ద్వారా వచ్చిన సొమ్ములో 81 కోట్ల డాలర్లకు పైగా నైజీరియాలో చిక్కుకుపోయిందని 2023 జూన్‌లో అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం ప్రకటించింది. న్యాయవాదుల బృందాలున్న విమాన సంస్థలకే అలా జరిగినప్పుడు, ఒక్క ఉద్యోగి ముందస్తు ఏర్పాటు లేకుండా బ్యాంకు గడప తొక్కి అదే రోజు పని ముగించుకుంటాననుకోవడం అత్యాశే.

మూడో రకంలో రెండు రేట్లు నడుస్తాయి: బోర్డు మీద రాసి ఉండే అధికారిక రేటు ఒకటి, వీధిలో పలికే సమాంతర రేటు మరొకటి. ఈ రెంటి మధ్య దూరం పెరుగుతున్నదంటే అధికారిక రేటు ఏదో ఒక రోజు ఒక్కసారిగా జారే అవకాశం ఉందని అర్థం చేసుకోవాలి. 2024 మార్చి 6న ఈజిప్టులో డాలరు విలువ దాదాపు 31 పౌండ్ల నుంచి ఒక్కరోజులోనే 50 దరిదాపులకు చేరింది. అదే ఏడాది జూలై 29న ఇథియోపియా తన బిర్ర్‌ను విపణికి వదిలినప్పుడు, అంతవరకు 57 దగ్గర ఉన్న డాలరు కొన్ని వారాల్లో 100 దాటింది.

నాలుగోది బ్యాంకులే తలుపులు వేసే పరిస్థితి. 2019 అక్టోబరు తరువాత లెబనాన్‌లో ఖాతాలో డాలర్లు కనిపిస్తూనే ఉన్నా వాటిని తీసుకోవడానికీ బయటికి పంపడానికీ బ్యాంకులు ఒప్పుకోలేదు. దానికంటూ ప్రత్యేక చట్టమేదీ చేయకుండానే అది జరిగింది. 2015 వేసవిలో గ్రీసులో ఏటీఎం నుంచి రోజుకు 60 యూరోలే ఇచ్చారు. ఇక ఐదో రకం బయటినుంచి వచ్చేది: 2022 మార్చిలో ఐరోపా సమాఖ్య ఏడు రష్యా బ్యాంకులను, దేశాల మధ్య చెల్లింపు సందేశాలు పంపుకోవడానికి బ్యాంకులు వాడే స్విఫ్ట్ వ్యవస్థ నుంచి తొలగించింది. అలాంటప్పుడు స్థానిక చట్టం అనుమతించినా జీతం పడే బ్యాంకు నుంచి దారి ఉండదు.

మీరు వెళ్లే దేశం వీటిలో ఏ కోవలోకి వస్తుందో తెలుసుకోవడానికి మూడు చోట్ల చూడాలి. ఆ దేశపు కేంద్ర బ్యాంకు వెబ్‌సైటులో మారకద్రవ్య సర్క్యులర్లు ఉంటాయి. అంతర్జాతీయ ద్రవ్యనిధి ప్రతి సభ్యదేశపు మారక నిబంధనల మీద ఏటా నివేదిక ప్రచురిస్తుంది. మూడోది, అన్నిటికంటే తాజా సమాచారం ఇచ్చేది, ఇప్పటికే అక్కడ పనిచేస్తున్న విదేశీ ఉద్యోగులు. వారిని "డబ్బు పంపవచ్చా?" అని అడగకండి; "మీరు చివరిసారి పెట్టిన దరఖాస్తుకు ఎన్ని రోజుల్లో డబ్బు చేరింది, ఏ రేటు ఇచ్చారు, ఏ కాగితాలు అడిగారు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు అభిప్రాయం వస్తుంది, రెండోదానికి సమాచారం వస్తుంది.

ఒక చిన్న ఊరట కూడా ఉంది. ద్రవ్యనిధి ఒప్పందంలోని 8వ అధికరణం ప్రకారం సభ్యదేశాలు కరెంటు ఖాతా చెల్లింపులకు, అంటే పెట్టుబడులు కాని, వర్తకం, సేవల వంటి రోజువారీ చెల్లింపులకు, నిధి ఆమోదం లేకుండా అడ్డుకట్ట వేయరాదు. కుటుంబ పోషణకు పంపే మితమైన మొత్తాలు ఆ చెల్లింపుల్లోకే వస్తాయని 30వ అధికరణం స్పష్టంగా చెబుతుంది. ఇది దేశాల మధ్య ఒప్పందం కనుక దాన్ని చేతపట్టుకుని బ్యాంకు మేనేజరుతో వాదించలేము, పైగా కొన్ని దేశాలు 14వ అధికరణం కింద పాత ఆంక్షలను కొనసాగిస్తున్నాయి. అయితే జీతంలోంచి ఇంటికి పంపే డబ్బుకు చాలా దేశాల నిబంధనల్లో విడిగా ఒక వెసులుబాటు ఉండటానికి మూలం ఇదే. పెట్టుబడి పేరుతోనో బహుమతి పేరుతోనో పంపబోయి ఆ వెసులుబాటును పోగొట్టుకోకూడదు.

రెండో మెట్టు: ఒప్పందంలో రాయించుకోవడం

ఆంక్షలున్న దేశంలో ఉద్యోగికి బేరమాడే శక్తి గరిష్ఠంగా ఉండేది సంతకానికి ముందు రోజే. జీతం ఎంత అన్నదానిపై చూపే శ్రద్ధలో సగమైనా అది ఏ కరెన్సీలో, ఏ దేశపు ఖాతాలో పడుతుందన్నదానిపై చూపాలి.

సాధ్యమైతే జీతాన్ని రెండుగా విడగొట్టించుకోవడం అన్నిటికంటే మేలు. అక్కడ బతకడానికి సరిపడా భాగం స్థానిక కరెన్సీలో అక్కడి ఖాతాకు, మిగిలినది స్వదేశంలోనో మరో స్వేచ్ఛా కరెన్సీ దేశంలోనో ఉన్న మీ ఖాతాకు సంస్థ ప్రధాన కార్యాలయం నుంచే నేరుగా రావాలి. బయట ఆదాయం ఉన్న బహుళజాతి సంస్థలకు ఇది కొత్త కాదు, మానవ వనరుల విభాగం దీన్ని స్ప్లిట్ పేరోల్ అంటుంది. ఈ ఏర్పాటులోనూ మొత్తం జీతం మీద అక్కడి పన్ను కట్టవలసి రావచ్చు. బయట పడే భాగాన్ని అక్కడ చూపకుండా దాచే పద్ధతిని సంస్థే సూచించినా అంగీకరించకూడదు, ఎందుకంటే రేపు పన్ను అధికారి వెదికేది సంతకం పెట్టిన ఉద్యోగిని.

సంస్థ స్థానికమైనదై, బయటి కరెన్సీలో ఇవ్వలేనంటే కనీసం ఈ నాలుగు విషయాలైనా రాతలో ఉండాలి. జీతాన్ని డాలరులాంటి స్థిర కరెన్సీలో నిర్ణయించి, చెల్లించే రోజు రేటుకు స్థానిక కరెన్సీలో ఇస్తామని ఉండాలి. ఆ రేటు ఎవరు ప్రకటించినదో, ఏ తేదీదో పేర్కొనాలి, ఎందుకంటే "ప్రస్తుత రేటు" అన్న ఒక్క మాటలో ఎన్ని తగాదాలైనా ఇమడగలవు. బ్యాంకు అడిగే లేఖలు, పన్ను రశీదులు సంస్థ సకాలంలో ఇస్తుందని ఉండాలి. ఉద్యోగం ముగిసినప్పుడు చివరి మొత్తాన్ని బయటికి పంపే పని పూర్తయ్యేదాకా వర్క్ పర్మిట్ రద్దు చేయించబోమని ఉండాలి. ఈ చివరి షరతు సంగతి ఆఖరి మెట్టులో మళ్లీ వస్తుంది.

ఒప్పందం ఇచ్చే మధ్యవర్తి "అవన్నీ అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చు" అంటే, ఆ మాటను నిరాకరణగానే తీసుకోండి.

మూడో మెట్టు: ఖాతా, దస్త్రం

దిగిన వెంటనే ఖాతా తెరవాలి కానీ ఏ బ్యాంకులోనన్నది సౌకర్యాన్ని బట్టి తేల్చకూడదు. ఇంటికి దగ్గరగా ఉన్న శాఖ, మంచి యాప్ ఉన్న బ్యాంకు అన్నవి ఇక్కడ రెండో స్థానంలోకి పోతాయి. విదేశీ ఉద్యోగుల జీతాలను బయటికి పంపే అనుమతి ఆ బ్యాంకుకు ఉందా, ఆ పని రోజూ చేసే విభాగం ఉందా, విదేశాల్లోని మధ్యవర్తి బ్యాంకులతో దాని సంబంధాలు సజీవంగా ఉన్నాయా అన్నవి ముఖ్యం. అవకాశముంటే ఒక బ్యాంకులో జీతపు ఖాతా, మరో బ్యాంకులో రెండో ఖాతా ఉంచుకోవాలి. ఒకదాని దగ్గర డాలర్లు లేనప్పుడు మరొకదాని దగ్గర ఉండటం జరిగేదే.

ఇక దస్త్రం. పాస్‌పోర్టు, వీసా, వర్క్ పర్మిట్, నమోదైన ఉద్యోగ ఒప్పందం, దాని అధికారిక అనువాదం, నెలనెలా పే స్లిప్పులు, పన్ను మినహాయించి కట్టినట్టు రుజువు, జీతం ఖాతాలో పడినట్టు స్టేట్‌మెంటు, అంతకుముందు పంపిన మొత్తాల రశీదులు: దాదాపు ప్రతి దేశమూ ఈ జాబితా నుంచే అడుగుతుంది. నైజీరియాలో విదేశీ ఉద్యోగి జీతం పంపుకోవడానికి వాడే "ఫారం-ఎ" అనే దరఖాస్తు వెంట జతచేసేవి కూడా ఇలాంటివే. వీటి వెనక ఉన్న తర్కాన్ని పట్టుకుంటే దస్త్రం ఎలా పేర్చాలో తెలుస్తుంది. బ్యాంకు నిరూపించుకోవలసింది మూడు సంగతులు: ఈ మనిషికి ఇక్కడ పనిచేసే హక్కు ఉంది, ఈ డబ్బు ఆ పని వల్లే వచ్చింది, దాని మీద పన్ను కట్టడం అయిపోయింది. ఈ మూడింటి మధ్య అంకెలు సరిపోవాలి. ఒప్పందంలో ఒక జీతం, పే స్లిప్పులో మరొకటి, పన్ను రశీదులో ఇంకొకటి ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. భత్యాలను నగదుగా చేతికిచ్చే సంస్థల్లో ఈ చిక్కు తప్పనిసరిగా వస్తుంది కనుక మొత్తం జీతం బ్యాంకు ద్వారానే, పే స్లిప్పులో కనిపించేలాగే తీసుకోవాలి. నగదుగా తీసుకున్న భాగం చట్టబద్ధమైన దారిలో ఎప్పటికీ బయటికి పోదు.

పేర్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఎక్కువ దరఖాస్తులు తిరిగివచ్చేది దానితోనే. పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు ఏ వరుసలో, ఏ అక్షరక్రమంలో ఉన్నాయో వర్క్ పర్మిట్‌లోనూ, అక్కడి ఖాతాలోనూ, డబ్బు చేరవలసిన ఖాతాలోనూ అలాగే ఉండాలి. తేడా ఉంటే మొదటి నెలలోనే సరిచేయించుకోవాలి.

పన్ను రశీదును ఏడాది చివర ఒకేసారి అడుగుదామనుకోవడం కూడా సరైనది కాదు. సంస్థ మీ జీతంలో పన్ను కోసి, ఖజానాకు కట్టకుండా ఆలస్యం చేస్తుంటే అది మీకు తెలిసేది ఆ రశీదు కోసం అడిగినప్పుడే.

నాలుగో మెట్టు: ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టడం

రుసుము ఒక్కటే ఖర్చనుకుంటే లెక్క తప్పుతుంది. ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. జీతం 6,00,000 స్థానిక నాణేలు, ప్రకటిత రేటు డాలరుకు 100 అనుకుంటే దాని విలువ 6,000 డాలర్లు. బ్యాంకు మీకు అమ్మే రేటు 103 అయితే వచ్చేవి 5,825 డాలర్లే. పంపే రుసుము 30, మధ్యవర్తి బ్యాంకు కోసుకునేది 20 పోతే ఇంటికి చేరేది 5,775. అంటే రుసుములుగా కనిపించినది 50 డాలర్లే అయినా పోయినది 225, దాదాపు 3.75 శాతం. రేటులో దాగిన భాగమే ఎక్కువన్నమాట. ప్రపంచవ్యాప్తంగా 200 డాలర్లు పంపడానికయ్యే సగటు ఖర్చు ఇప్పటికీ 6 శాతానికి పైనే ఉందని ప్రపంచ బ్యాంకు లెక్కలు చెబుతున్నాయి; దాన్ని 2030 నాటికి 3 శాతం లోపుకు తేవాలన్నది ఐక్యరాజ్య సమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఒకటి.

రుసుము మిగుల్చుకుందామని మూడు నెలలకొకసారి పంపితే? పై లెక్కలో మిగిలేది వంద డాలర్లు. కానీ ఆ వ్యవధిలో రేటు 100 నుంచి 130కి జారితే, ఖాతాలో వేచి ఉన్న రెండు నెలల జీతం 12,000 డాలర్ల విలువ నుంచి 9,230కి పడిపోతుంది. ఆంక్షలున్న దేశాల్లో రేటు రోజుకు కొంచెం కొంచెంగా కాక, చాలాకాలం నిలబడి ఒక్కరోజున కూలుతుంది కనుక నిలకడగా కనిపించే రేటును చూసి భరోసా పడటం ప్రమాదం. నా అభిప్రాయంలో రెండు రేట్ల మధ్య దూరం పెరుగుతున్న ఏ దేశంలోనైనా ప్రతి నెలా పంపడమే సరైనది, రుసుము కొంత ఎక్కువైనా సరే. రెండు రేట్లూ దగ్గరగా ఉండి, ద్రవ్యోల్బణం అదుపులో ఉన్న చోట మాత్రమే కూడబెట్టి పంపే ఆలోచన చేయవచ్చు.

ఐదో మెట్టు: దరఖాస్తు, నిరీక్షణ

పూర్తి దస్త్రంతో దరఖాస్తు ఇచ్చిన రోజున తేదీతో, ముద్రతో రసీదు తీసుకోవాలి. "అందింది, చూస్తాం" అన్న నోటిమాట మీద వెనుదిరిగితే, తరువాత మీ దరఖాస్తు వరుసలో ఎక్కడుందో అడిగే ఆధారం కూడా ఉండదు.

ఆ రోజే కౌంటరు దగ్గర నాలుగు ప్రశ్నలు వేయాలి. రేటు దరఖాస్తు నాటిదా, కేటాయింపు నాటిదా? వేచి ఉన్నంతకాలం నా స్థానిక కరెన్సీ ఖాతాలోంచి తీసి విడిగా నిలుపుతారా, అలా నిలిపితే దానికి వడ్డీ ఉంటుందా? కేటాయింపు పాక్షికంగా వస్తే వచ్చినంత పంపుతారా, మొత్తం వచ్చేదాకా ఆపుతారా? ఈలోగా నా పర్మిట్ గడువు తీరితే దరఖాస్తు చెల్లుతుందా? వీటిలో మొదటిది అన్నిటికంటే విలువైనది. రేటు కేటాయింపు నాటిదైతే నిరీక్షణలో కలిగే నష్టమంతా మీదే; దరఖాస్తు నాటిదైతే ఎంత త్వరగా దరఖాస్తు ఇస్తే అంత మేలు, కనుక జీతం పడిన రోజే కాగితాలు బ్యాంకుకు చేరేలా చూసుకోవాలి. పాక్షిక కేటాయింపును వద్దనకుండా తీసుకోవడమే వివేకం.

వరుసలో ముందుకు జరపడానికి లోపలివారికి కొంత ముట్టజెప్పమని సలహా ఇచ్చేవారు ప్రతిచోటా తగులుతారు. విదేశీయుడిగా ఆ పని చేసి పట్టుబడితే పోయేది ఆ నెల డబ్బు ఒక్కటే కాదు.

ఆరో మెట్టు: పంపే ఆదేశం నింపడం

డబ్బును ముందు మీ సొంత ఖాతాకే పంపుకుని, అక్కడి నుంచి కుటుంబానికి ఇవ్వడం మంచిది. పంపేవారు, అందుకునేవారు ఒకే మనిషి కావడంతో ప్రశ్నలు తగ్గుతాయి, స్వదేశంలో పన్ను అధికారికి మూలం చూపడమూ తేలిక. స్వదేశంలో ప్రవాసులకు ప్రత్యేక ఖాతాలుంటే బయలుదేరకముందే తెరిపించుకోవాలి. దూరం నుంచి తెరవడం సాధ్యమే గానీ ధ్రువీకరణలతో నెలలు పడుతుంది.

ఫారంలో ఖాతా సంఖ్య, 8 లేదా 11 అక్షరాల స్విఫ్ట్ కోడ్, ఆ దేశంలో వాడుకలో ఉంటే ఐబ్యాన్ అనే అంతర్జాతీయ ఖాతా సంఖ్య, ఉద్దేశం అన్న గడులు ఉంటాయి. ఉద్దేశం దగ్గర జీతమనో కుటుంబ పోషణ అనో మీకు అనుమతి ఏ పేరున ఉందో అదే ప్రతిసారీ రాయాలి. రుసుములు ఎవరు భరించాలన్న గడిలో మూడు ఎంపికలుంటాయి: అన్నీ పంపేవారివే, ఇద్దరూ పంచుకునేవి, అన్నీ అందుకునేవారివే. స్కూలు ఫీజు, అప్పు వాయిదా వంటి ఖచ్చితమైన మొత్తం చేరవలసినప్పుడు మొదటిది ఎంచుకోవాలి, మిగిలిన సందర్భాల్లో రెండోది సరిపోతుంది.

పంపాక యూఈటీఆర్ అనే 36 అక్షరాల జాడ సంఖ్యనూ, బ్యాంకు సిబ్బంది ఎంటీ 103 అని పిలుచుకునే చెల్లింపు సందేశపు ప్రతినీ అడిగి తీసుకోవాలి. డబ్బు దారిలో ఆగితే ఏ మధ్యవర్తి బ్యాంకు దగ్గర ఆగిందో వాటితోనే తెలుస్తుంది. "ఇక్కడి నుంచి వెళ్లిపోయింది" అని ఒక బ్యాంకు, "ఇక్కడికి రాలేదు" అని మరో బ్యాంకు చెప్పే దశలో ఆ సంఖ్య ఒక్కటే సాక్ష్యం.

ఏడో మెట్టు: మధ్యకాలంలో అక్కడి డబ్బు, ఇక్కడి ఇల్లు

నిరీక్షణ అనివార్యమైన చోట ఇంటి బడ్జెట్‌ను నెలనెలా వచ్చే డబ్బు మీద నిలబెట్టకూడదు. బయలుదేరకముందే కనీసం ఆరు నెలల ఖర్చు స్వదేశంలో ఉండేలా చూసుకోవడం నేనైతే తప్పనిసరి షరతుగా పెడతాను. అప్పుల వాయిదాలున్నవారికి ఇది మరీ అవసరం, ఎందుకంటే విదేశంలో కేటాయింపు ఆలస్యమైందన్న కారణాన్ని రుణమిచ్చిన బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. ఇంట్లోవారికి "ఐదో తారీకు కల్లా పంపుతాను" అని మాట ఇవ్వకండి. వచ్చినప్పుడు వచ్చినంతతో ఖాతాను నింపుకుంటూ, నెల ఖర్చును ఆ నిల్వలోంచి తీసుకునే పద్ధతి పెట్టండి.

అక్కడ ఉండిపోయే స్థానిక కరెన్సీని అక్కడి అవసరాలకే ముందు వాడాలి. అద్దె ముందుగా చెల్లించడం, బీమా, పిల్లల చదువు ఖర్చు, స్థానిక కరెన్సీలో అమ్మితే ప్రయాణ టికెట్లు వంటివి జారిపోయే విలువను కొంత నిలబెడతాయి. చేతికి దొరికిన డబ్బును ఏదో ఒకటి చేయాలన్న తొందరలో అక్కడ స్థలమో వాహనమో కొనడం మాత్రం సమస్యను పెద్దది చేస్తుంది. వాటిని అమ్మినప్పుడు వచ్చే సొమ్మును జీతంగా చూపలేరు కనుక బయటికి పంపే అర్హత కూడా పోవచ్చు.

అక్కడి బ్యాంకులోనే డాలరు ఖాతా తెరిస్తే చాలునన్న నమ్మకం గురించి ఒక మాట. లెబనాన్‌లో సంక్షోభం తరువాత పాత డాలర్లు వేరు, బయటినుంచి కొత్తగా వచ్చిన "ఫ్రెష్" డాలర్లు వేరు అయ్యాయి. పాతవాటిని స్థానిక పౌండ్లలో, నష్టపు రేటుకే తీసుకోవలసి వచ్చింది. 1997 నుంచి డాలరుకు 1,507.5గా నిలిచిన అక్కడి అధికారిక రేటును 2023 ఫిబ్రవరిలో 15,000కు మార్చారు. ఏ దేశపు బ్యాంకులో ఉందన్నదే ముఖ్యం, ఖాతా మీద రాసిన కరెన్సీ పేరు ఆ తరువాతిది.

ఎనిమిదో మెట్టు: పక్కదారుల లెక్క

అధికారిక రేటుకూ వీధి రేటుకూ మధ్య వ్యత్యాసం పెద్దదైనప్పుడు చట్టాన్ని పాటించేవాడు అమాయకుడిలా కనిపిస్తాడు. కనుక ఈ దారుల్లో ఏముందో విడమరచి చెప్పుకోవాలి.

వీధిలో డాలర్లు కొనడం చాలా దేశాల్లో నేరం. విదేశీయుడికి జరిమానాతో పాటు పర్మిట్ రద్దు, దేశ బహిష్కరణ ఉండవచ్చు. నకిలీ నోట్ల సంగతి అదనం. కొన్నా వాటిని బయటికి తేవడం మరో చిక్కు. అమెరికాలో 10,000 డాలర్లు మించితే, ఐరోపా సమాఖ్యలో 10,000 యూరోలు లేదా అంతకు మించితే సరిహద్దు దగ్గర ప్రకటించాలి. ఆంక్షలున్న దేశాల నుంచి బయటికి తీసుకువెళ్లే హద్దు చాలాచోట్ల దీనికంటే బాగా తక్కువ. ఆ దేశంలోకి వెళ్లేటప్పుడు మీరు తెచ్చుకున్న డాలర్లను ప్రకటించి తీసుకున్న పత్రం ఉంటే, అంతమేరకు తిరిగి తీసుకువెళ్లడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. దిగిన రోజున ఆ చిన్న ఫారం నింపడానికి బద్ధకించకండి.

సహోద్యోగితో సర్దుబాటు అత్యంత ఆకర్షణీయమైనది: ఇక్కడ అతనికి స్థానిక నాణేలు ఇస్తే, అతని బంధువు అక్కడ మీ ఇంటికి డబ్బు ఇస్తాడు. చూడటానికి ఇద్దరు స్నేహితుల మధ్య లావాదేవీలా ఉన్నా ఇది హవాలా పనితీరే, మారకద్రవ్య చట్టాలు దాన్ని అలాగే చూస్తాయి. అవతలివైపు మీ కుటుంబ ఖాతాలో పడిన డబ్బు ఎవరిదో, ఎక్కడిదో తెలియదు. అది ఏదైనా మోసానికి సంబంధించినదైతే ముందు స్తంభించేది ఆ ఖాతాయే, పోలీసులు పిలిచేది మీ కుటుంబాన్నే. క్రిప్టో ద్వారా వ్యక్తుల మధ్య మార్పిడిలోనూ ఇదే ప్రమాదం. పైగా చైనా వంటి దేశం 2021 సెప్టెంబరులోనే క్రిప్టో లావాదేవీలన్నిటినీ చట్టవిరుద్ధమని ప్రకటించింది. హద్దు దాటకుండా మొత్తాన్ని ముక్కలు చేసి, పలువురి పేర్ల మీద పంపడం కూడా తెలివైన పనేమీ కాదు. పెద్ద మొత్తాలను బ్యాంకు ప్రభుత్వానికి నివేదించడాన్ని తప్పించుకోవడానికి అలా విడగొట్టడమే అమెరికాలో విడి నేరం, మరెన్నో దేశాల బ్యాంకుల కంప్యూటర్లు మొదట వెదికేది ఆ తీరునే.

వీటన్నిటిలో కనిపించని నష్టం ఒకటుంది. పక్కదారిలో పంపిన ప్రతి నెలా మీ అధికారిక చరిత్రలో ఖాళీగా మిగులుతుంది. తరువాత పెద్ద మొత్తం పంపవలసి వచ్చినప్పుడు, ఇన్నాళ్లూ ఏమీ పంపని మనిషి ఇప్పుడెందుకు పంపుతున్నాడన్న ప్రశ్నకు జవాబు దొరకదు. క్రమంగా పంపిన చిన్న మొత్తాల రశీదులే పెద్ద దరఖాస్తుకు దన్ను.

ఆఖరి మెట్టు: వచ్చేయడానికి ముందు

ఎక్కువ డబ్బు చిక్కుకునేది ఉద్యోగం మధ్యలో కాదు, ముగింపులో. అప్పుడు మొత్తం పెద్దది: చివరి జీతం, సెలవుల సొమ్ము, సర్వీసు ముగింపు చెల్లింపు, ఇంటి డిపాజిట్టు, ఖాతాలో మిగిలినది. గడువు మాత్రం చిన్నది. వర్క్ పర్మిట్ రద్దయిన మరుక్షణం బ్యాంకు దృష్టిలో మీరు విదేశీ ఉద్యోగి కారు, ఖాతా మీద పరిమితులు పడవచ్చు, జీతం పేరున పంపే అర్హతా పోవచ్చు. అందుకే రాజీనామా లేఖ ఇవ్వడానికి ముందే బ్యాంకుకు వెళ్లి, చివరి మొత్తానికి ఏ పత్రాలు కావాలో రాతలో అడగాలి.

వరుస ఇలా ఉండాలి. పేరుకున్న మొత్తాన్ని ఉద్యోగంలో ఉండగానే వీలైనంత పంపేయాలి. తరువాత సంస్థ నుంచి పూర్తి చెల్లింపు లెక్క, పద్దులవారీగా, ముద్రతో తీసుకోవాలి. దానిని చూపి పన్ను క్లియరెన్స్ పత్రానికి దరఖాస్తు చేయాలి. చాలా దేశాల్లో ఇది లేకుండా బ్యాంకు కదలదు, కొన్నిచోట్ల దేశం విడిచి వెళ్లనివ్వరు కూడా. పత్రం చేతికందాక చివరి మొత్తానికి దరఖాస్తు ఇవ్వాలి. డబ్బు స్వదేశంలోని ఖాతాలో జమ అయినట్టు కంటితో చూశాకే పర్మిట్ రద్దు, అక్కడి ఖాతా మూసివేత. సంస్థ తొందరపెడితే ఒప్పందంలో రాయించుకున్న షరతును అప్పుడు బయటికి తీయాలి.

ఇంత చేసినా కొంత వెనకబడిపోతే, వెళ్లేముందే బ్యాంకులో మీ సంతకంతో శాశ్వత ఆదేశం ఇచ్చి, మీ కొత్త చిరునామా, పనిచేసే ఈమెయిల్, స్వదేశపు ఫోన్ నంబరు నమోదు చేయించాలి. స్థానిక సిమ్‌కు మాత్రమే ఓటీపీ వచ్చే ఏర్పాటు ఉంటే దాన్ని మార్పించాలి. నమ్మకమైన న్యాయవాదికో సంస్థ ప్రతినిధికో ఆ ఒక్క ఖాతాకు, ఆ ఒక్క పనికి పరిమితమైన అధికార పత్రం రాసివ్వవచ్చు. పే స్లిప్పులు, పన్ను రశీదులు, పంపిన ప్రతి మొత్తపు చెల్లింపు సందేశం, క్లియరెన్స్ పత్రం అసలు ప్రతులతో పాటు స్కాన్ ప్రతులనూ వెంట తెచ్చుకోవాలి. స్వదేశపు పన్ను శాఖ ఆ జమల గురించి అడిగేది కొన్నేళ్ల తరువాత కావచ్చు; అప్పటికి అక్కడి బ్యాంకు పోర్టల్ మీకు తెరుచుకోదు.